కనుమ ఎక్కని కారు

తో-అషూ కనుమ మొదట్లో, బిష్కెక్ నుంచి వచ్చే రోడ్డు లోయను వదిలి కొండ ఎక్కబోయే చోట, బురుల్చాకు ఒక రేకుల షెడ్డు ఉండేది. దాన్ని ఆనుకుని ఆమె భర్త సాగిన్ నడిపే టీ కొట్టు. పాత కార్లు అక్కడిదాకా బుద్ధిగా వచ్చేవి. నాలుగు మలుపులు ఎక్కగానే ఆవిరి కక్కుతూ వెనక్కి దొర్లేవి. మనుషులు సాగిన్ ముందు టీ తాగుతూ కూర్చుంటే, కార్లు బురుల్చా చేతికొచ్చేవి. ఇరవై రెండేళ్లు అలాగే గడిచాయి. ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా ఎజే అని, అంటే అక్కా అని పిలవడానికి అలవాటుపడ్డారు.

ఆ పని ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పద్దెనిమిదేళ్లప్పుడు మోటారు డిపోలో చేరితే పానాలు తుడిచే పని ఇచ్చారు. తుడుస్తూనే చూసింది. సాగిన్ అప్పుడక్కడ మెకానిక్కు. పెళ్లయిన కొన్నేళ్లకు అతనికి నడుము పట్టేసి కారు కింద దూరలేని రోజొచ్చింది. ఆమె దూరింది, అతను పైన నిలబడి చెప్పాడు. రెండేళ్లయ్యాక చెప్పడం మానేసి, పిండి పిసికి రొట్టెముక్కలు వేయించడం మొదలుపెట్టాడు. "మా ఇద్దరిదీ నూనె పనే. నా నూనె తినొచ్చు, అంతే తేడా," అని వచ్చినవాళ్లతో అనేవాడు.

బురుల్చా కుడిచెయ్యి మోచేతి నుంచి భుజం దాకా కాలిన మచ్చ. ఎవరో తొందరపెడితే వేడి రేడియేటర్ మూత తిప్పిన రోజు గుర్తు అది. ఆ తర్వాత ఆమెను తొందరపెట్టగలిగినవాడు లేడు.

ఒక్క ఒర్మోన్ అనే ముసలాయన విషయంలో తప్ప.

మే నెలాఖరు. గొర్రెల మందలు పైలోయలకు పోతున్న రోజులు. ఉదయం పదిన్నరకు ఒక పాత నీలం కారు ఇంజను ఆపేసి, వాలులో వెనక్కి దొర్లుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసకొడుతోంది. నడిపే మనిషి గుడ్డపీలిక పట్టుకుని దూకాడు, బానెట్ ఎత్తాడు, మూత మీద చెయ్యి వేయబోయాడు. బురుల్చా అతని మణికట్టు పట్టుకుంది.

"అది నీ మొహమ్మీదికొస్తుంది. ఆగు."

"ఆగే టైం లేదు ఎజే. లోపల చూడు."

ఆమె చూసింది. ముందు సీటు పీకేసి, వెనక్కీ ముందుకీ కలిపి పరుపు వేశారు. దాని మీద ఎముకల గూడులాంటి ముసలాయన. తల కోడలి ఒళ్లో ఉంది. ఆయన పేరు ఒర్మోన్. కారు నడిపేది కొడుకు మిర్జాబెక్, కనుమ అవతలి సూసమీర్ బళ్లో భూగోళం చెప్పే పంతులు. కోడలు జిపార్. బిష్కెక్ ఆసుపత్రిలో ఇక చేసేదేమీ లేదన్నారు. సొంతింట్లో, సొంత గడప లోపల ప్రాణం వదలాలని ముసలాయన పట్టు. కారులోకి ఎక్కించేటప్పుడే నొప్పికి స్పృహ తప్పింది. ఇంకో బండిలోకి మార్చడమన్న మాటే లేదు. పైగా మరమ్మతుల కోసం రెండింటికి కనుమ పైనున్న సొరంగం మూసేస్తారు, మర్నాడు పొద్దున గానీ తెరవరు. ఆ పొద్దుటిదాకా ఈయన ఉంటాడో ఉండడో జిపార్ ముఖమే చెబుతోంది.

కారు ముందునుంచీ ఇంతే. చదును రోడ్డు మీద వేడి చూపే సూది మధ్యలో నిలుస్తుంది. ఎత్తు ఎక్కితే చాలు, ఎర్రగీతలోకి పోతుంది. నగరంలో థర్మోస్టాట్ రెండుసార్లు మార్చారు, రేడియేటర్ కొత్తది వేశారు, మూత మార్చారు. చివరికి ఒకాయన హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజను విప్పాలి అన్నాడట. మిర్జాబెక్ ఇదంతా చెబుతూ గడియారం వంక చూస్తూనే ఉన్నాడు.

మూత మీద అరచెయ్యి ఆనించగలిగేదాకా ఆమె ఆగింది. ఇరవై నిమిషాలు పట్టింది. మిర్జాబెక్ షెడ్డు చుట్టూ తిరిగాడు. సాగిన్ టీ ఇస్తే గిన్నె పట్టుకుని తాగడం మర్చిపోయాడు.

మూత తీసి గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోసింది. ఆయిల్ పుల్ల తీసి వేళ్ల మధ్య రుద్దింది. తెల్లటి నురగ లేదు, నీళ్లు కలవలేదు. ఇంజను స్టార్ట్ చేయించి రేడియేటర్ మూతి దగ్గర తల వంచి చూసింది. బుడగలు రావడం లేదు. పొగగొట్టం దగ్గర కూచుని వాసన చూసింది. గ్యాస్కెట్ బాగానే ఉంది. థర్మోస్టాట్ విప్పి సాగిన్ టీ కెటిల్లో వేసింది. నీళ్లు మరగబోతుండగా అది తెరుచుకోవాల్సినట్టే మెల్లగా నోరు తెరిచింది. రేడియేటర్ ఒంటినిండా చెయ్యి ఆడించింది, పూడిక ఉందని చెప్పే చల్లటి మచ్చ ఎక్కడా తగల్లేదు. ఫ్యాను ఇందాక బాగానే తిరిగింది. నీళ్ల పంపు కింద తడి లేదు.

తప్పేమీ లేని కారు. అదే ఆమెకు గుబులు పుట్టించింది. అప్పటికి పన్నెండు దాటింది.

మిగిలింది ఒక్కటే అనుకుంది: పంపు లోపలి రెక్క అరిగిపోయి ఉండాలి. పైకి తెలియదు. విప్పితే గానీ కనబడదు. విప్పడానికి రెండు గంటలు, వేయడానికి ఇంకో గంట. ఆ పంపు తన దగ్గర లేదు కూడా. ఈ మాట ఎలా చెప్పాలో తెలియక చేతులు తుడుచుకుంటూ నిలబడింది. నిలబడిన తీరు చూసి జిపార్ కళ్లు దించుకుంది.

అప్పుడు పరుపు మీంచి సన్నటి గొంతు వచ్చింది. "ఏం తేల్చావమ్మాయ్?"

ముసలాయన ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ కనుమ మీద లారీ నడిపినవాడని కొడుకు చెప్పాడు. బురుల్చా కిటికీ దగ్గరికి వంగి, దాచకుండా చెప్పింది. పంపు అనుకుంటున్నాను బాబాయ్, కానీ కళ్లతో చూడలేదు.

"చూడకుండా విప్పుతావా?" ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. "నిలబెట్టి చూశావు. నా కొడుకు దాన్ని నిలబెట్టినప్పుడు ఎప్పుడు మరిగింది? ఎక్కేటప్పుడు కాలు తియ్యడు కదా. నువ్వూ తియ్యకు."

ఆమె ముఖం వేడెక్కింది. నిజమే. తను యాక్సిలరేటర్ రెండు మూడుసార్లు తొక్కించి ఆపేసింది, అంతే. కొండ అలా వదలదు. థర్మోస్టాట్ తిరిగి బిగించి, నీళ్లు నింపి, మిర్జాబెక్‌ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను చెప్పేదాకా కాలు కదపొద్దంది. ఇంజను హోరు పెరిగింది. జిపార్ మామగారి చెవులు రెండు చేతులతో మూసింది. ఆయన తల విదిలించి చేతులు తోసేశాడు. ఆయనకు వినాలని ఉంది.

అర నిమిషం. ముప్పావు. ఏమీ లేదు. బురుల్చా టార్చి పట్టుకుని నేలకు ఆనేంతగా వంగింది. రేడియేటర్ అడుగునుంచి పంపుకు పోయే లావుపాటి రబ్బరు గొట్టం మీద వెలుతురు పడింది. ఆమె చూస్తుండగానే ఆ గొట్టం పక్కలు లోపలికి పోయాయి. దప్పికతో ఉన్నవాడు బుగ్గలు పీల్చుకున్నట్టు పీల్చుకుని, నాడాలా అణిగిపోయింది.

"వదులు," అంది. హోరు తగ్గగానే గొట్టం మళ్లీ గుండ్రంగా, ఏమీ ఎరగనట్టు ఉబ్బింది.

ఇంజను జోరుగా తిరిగినప్పుడు పంపు నీళ్లను లాగుతుంది. మెత్తబడిన రబ్బరు ఆ లాగుడుకు మూసుకుపోతుంది. నీళ్లు ఆగిపోతాయి. అలా మూసుకుపోకుండా లోపల ఉండాల్సిన తీగచుట్ట తుప్పుపట్టి ఎప్పుడో రాలిపోయింది. ఎవరూ దాని వంక చూడలేదు. ఆమె కూడా చూడలేదు.

కొత్త గొట్టం లేదు. సాగిన్ కంచె తీగ పట్టుకొచ్చాడు. నడుము మాట మర్చిపోయి నేల మీద చతికిలబడ్డాడు. ఇద్దరూ కలిసి తీగను ఒక ఇనుప గొట్టం చుట్టూ తిప్పి చుట్టగా చేశారు. చివర్లు రబ్బరును చీల్చకుండా ఆకురాయితో అరగదీసి, ఊడదీసిన రబ్బరు గొట్టం లోపలికి తిప్పితిప్పి ఎక్కించి, దాన్ని మళ్లీ బిగించారు. కారు ముక్కు ఎత్తుమీదికి పెట్టించి, హీటర్ తెరిచి, లోపలి గాలంతా పోయేదాకా నీళ్లు పోసింది. మళ్లీ కాలు నొక్కించింది. గొట్టం అణగలేదు.

ఒంటిగంట పది. బురుల్చా నీళ్ల డబ్బా రెండు కాళ్ల మధ్య పెట్టుకుని, పరుపు అంచున ముడుచుకుని కూర్చుంది. ఎవరూ రమ్మనలేదు. తీగ జారితే ఆ మలుపుల్లో వీళ్లేం చేస్తారన్న ఆలోచన ఆమెను షెడ్డులో కూర్చోనివ్వలేదు.

మొదటి నాలుగు మలుపులూ సూది కదల్లేదు. ఆరో మలుపులో గొర్రెల మంద అడ్డొచ్చింది. ఆగారు. సూది లేచింది. మిర్జాబెక్ హారన్ మోగించాడు, గుర్రమ్మీది కాపరి చెయ్యి ఊపి నవ్వాడు. మంద దాటేసరికి సూది మూడొంతులు పైకొచ్చింది. ఇంజను వేడి కొంత లోపలికి లాగడానికి బురుల్చా హీటర్ పూర్తిగా తిప్పమంది. కారులో కొలిమిలా వేడి. జిపార్ ముసలాయన ముఖం తుడుస్తోంది. ఆయన పెదాలు పాలిపోయాయి.

"గేరు తగ్గించు," అంది బురుల్చా. "ఇంజన్ని తిరగనీ. భయపడి నెమ్మదిస్తేనే మరుగుతుంది."

"తీగ జారితే?"

"జారితే నేను దిగి చూస్తా. నువ్వు తొక్కు."

తొక్కాడు. సూది అక్కడే నిలిచింది. ఇంకో మలుపు. ఎర్రగీతకు వేలెడు దూరంలో వణికింది. తర్వాత వెంట్రుకవాసి కిందికి దిగింది. మరో మలుపుకి ఇంకాస్త. సొరంగం దగ్గర పనివాళ్లు అడ్డుకర్ర దించడానికి సిద్ధంగా ఉన్నారు. లోపల పడుకున్న మనిషిని చూసి పక్కకు జరిగారు.

సొరంగం అవతల సూసమీర్ లోయ పచ్చగా పరుచుకుని ఉంది. కిటికీ దించమని ఒర్మోన్ సైగ చేశాడు. చల్లగాలికి కళ్లు మూసుకున్నాడు. చనిపోయాడేమోనని జిపార్ ఛాతీ మీద చెయ్యి పెట్టింది. "నిద్రపోనివ్వవే," అన్నాడాయన.

సొరంగం మూసేశారు గనక బురుల్చా ఆ రాత్రి వాళ్లింట్లోనే ఉండి, మర్నాడు గొర్రెల లారీలో వెనక్కి వచ్చింది. షెడ్డు ముందు రెండు కార్లు, ఇద్దరు విసుక్కుంటున్న డ్రైవర్లు. ఎజే విహారానికెళ్లిందని సాగిన్ వాళ్లకు చెప్పి ఉంచాడు.

జూలైలో మిర్జాబెక్ కొత్త గొట్టం వేయించుకోవడానికి వచ్చాడు. ఆమె పని చేస్తుంటే పక్కన కూర్చుని చెప్పాడు. నాన్న తొమ్మిది రోజులు ఉన్నాడు. చుట్టాలందరినీ చూశాడు, ఆ ఏటి మొదటి గుర్రం పాలు రెండు చెంచాలు తాగాడు. నాలుగో రోజు కాస్త తేరుకుని, దుప్పటితో సహా ఎత్తుకెళ్లి కారులో స్టీరింగు ముందు కూర్చోబెట్టమన్నాడు. ఇంజను స్టార్ట్ చేయించుకుని, రెండు చేతులూ చక్రం మీద పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. అరగంటసేపు ఆపనివ్వలేదు. ఎవరో ప్రయాణమవుతున్నారనుకుని పక్కింటివాళ్లు దారికి రొట్టెలు మూటకట్టి తెచ్చారట.