రెండో గడిలో రాసిన న్యూక్లియర్

గచ్చిబౌలిలో మా ఆఫీసు బస్సు రోజూ నేను చదివిన యూనివర్సిటీ గేటు ముందునుంచే పోతుంది. పోనీ ఆ కాసేపూ కళ్ళు మూసుకుందామా అంటే, ట్రాఫిక్ సరిగ్గా అక్కడే ఆగి చస్తుంది. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. పదేళ్ళుగా అదే పని. విసుగొచ్చేసింది.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాదికి ఎలక్ట్రానిక్సో న్యూక్లియరో ఎంచుకోవాలి. నాకు కావలసింది న్యూక్లియరే. మా ల్యాబులో రేడియేషన్‌ను లెక్కపెట్టే యంత్రం ఒకటుండేది. ఒకరోజు దాని ముందు ఏమీ పెట్టకుండానే టిక్కు టిక్కుమంది. పాడైందేమో అనుకున్నాను. "పాడు కాలేదమ్మా. ఈ గోడలోనూ కాస్త ఉంటుంది, నీలోనూ కాస్త ఉంటుంది. అదే పలుకుతోంది" అన్నారు న్యూక్లియర్ చెప్పే మాస్టారు. ఆ పూట అన్నం సంగతే మరిచిపోయాను. అంత పిచ్చి పట్టింది.

ఫామ్‌లో రెండు గడులు: మొదటి ఇష్టం, రెండో ఇష్టం. రెండోది ఖాళీగా వదిలేసినా ఫరవాలేదు. ఎలక్ట్రానిక్స్‌లో సీట్లు నిండితే, తక్కువ మార్కులవాళ్ళను రెండో గడిలో రాసినదానికి పంపేవారు. అయితే ఒక షరతుంది. మొదటి గడిలో కనీసం ఐదుగురు రాయకపోతే అసలు ఆ సబ్జెక్టే ఉండదు.

ఆ ఫామ్ మీద ఇంట్లోవాళ్ళ సంతకం అక్కర్లేదు. అయినా నాన్నకు చూపించకుండా మా ఇంట్లోంచి ఏ కాగితమూ బయటికి పోదు. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి మియాపూర్‌లో స్థిరపడ్డ గవర్నమెంటు గుమస్తా ఆయన. "ఎలక్ట్రానిక్స్ అయితే ఇక్కడే ఉద్యోగమొస్తుందటమ్మా" అని ఒక్కసారి అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. నేనేమో పెద్ద తెలివి ఉపయోగించాను. మొదటి గడిలో ఎలక్ట్రానిక్స్, రెండో గడిలో న్యూక్లియర్ రాశాను. నా మార్కులకు ఎలాగూ రెండోదానికే నెడతారు. "సీట్లు నిండిపోయాయి నాన్నా, నేనేం చేయను?" అంటే సరిపోతుంది. నాన్న ఫామ్ చాలాసేపు చూసి, ఏమీ అనకుండా ఇచ్చేశారు.

ల్యాబు అటెండరు ఫామ్‌లు లెక్కపెట్టి తల పట్టుకున్నాడు. "ఏంది మేడం గిట్ల రాసిండ్రు? న్యూక్లియర్‌కు ఫస్టుల ఇద్దరే ఉన్నరు. సెకండుల పన్నెండు మంది! ఇగ క్లాసెట్ల నడుస్తది?"

మాస్టారు రెండో గడిలో రాసినవాళ్ళందరినీ పిలిచి, మొదటి గడిలో ఎందుకు రాయలేదని అడిగారు. "మిగతావాళ్ళు రాస్తారుగా అనుకున్నాను సార్" అన్నాను నేను. నా పక్కనున్నవాడూ అదే అన్నాడు. వాడి పక్కనున్న అమ్మాయీ అదే. ఛీ, ఎంత సిగ్గేసిందో! ఫామ్‌లు మార్చుకుంటామని బతిమాలాం. గడువైపోయిందన్నారు ఆఫీసులో. ఇంకో రెండు బెంచీలు వేయించి అందరినీ ఎలక్ట్రానిక్స్‌లోనే కూర్చోబెట్టారు. మాస్టారు ఆ టిక్కుమనే యంత్రానికి గుడ్డ కప్పి బీరువాలో పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

మొన్న ఆదివారం నాన్న చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, టీవీలో అణువిద్యుత్ కేంద్రం గురించి ఏదో వస్తోంది. "నువ్వు ఇందులో ఉండాల్సినదానివమ్మా" అన్నారు, తల ఎత్తకుండానే.

నాకు ఒళ్ళు మండింది. "మీకోసమే కదా నాన్నా వదులుకున్నాను!"

"నాకోసమా? నేనెప్పుడు వద్దన్నానే? ఆ ఫామ్ నాకింకా గుర్తుంది. ఎలక్ట్రానిక్స్ అని గీకి పడేశావు. న్యూక్లియర్ అని ముత్యాల్లా రాశావు. నీ మనసు ఎందులో ఉందో అప్పుడే తెలిసింది."

"మరి అప్పుడే అడగొచ్చుగా?"

నాన్న చేతిలోని చిక్కుడుకాయను పళ్ళెంలో పెట్టేశారు. "నువ్వే చెప్తావులే అనుకున్నానమ్మా."