మెత్తటి మనిషి సెంటు

నా కుడి కనుబొమ్మ ఎడమదానికంటే కాస్త పలచగా ఉంటుంది. చూసినవాళ్లు బ్యూటీ పార్లర్ పిల్ల చేసిన పొరపాటు అనుకుంటారు. పాపం, ఆ పిల్లకేమీ తెలియదు. అది ఒక పూల సెంటు చేసిన పని. ఆ సెంటు వల్ల కోరుట్లలో మా వాడంతా బతుకమ్మ పాట ఆపేసింది, బతుకమ్మ తల కాలింది, నా పరువు దాంతోపాటే పోయింది.

ముందు నా గొంతు గురించి చెప్పాలి. మాది సిరిసిల్ల. ఇంట్లోనే సాంచాలు, అంటే మరమగ్గాలు. పొద్దంతా అవి టకటకలాడుతుంటే అన్నం తింటావా అని అడగాలన్నా అరవాల్సిందే. మా అమ్మ నన్ను ముద్దు చేసినా కొత్తవాళ్లు కొట్లాట అనుకునేవారు. అట్లా పెరిగిన గొంతును తెచ్చి కోరుట్లలో మా అత్తమ్మ రాజవ్వ ఇంట్లో పెట్టారు. అత్తమ్మ బీడీలు చుడుతుంది. తునికాకు కత్తిరించే కత్తెర చప్పుడు తప్ప ఆమె దగ్గర ఇంకో చప్పుడుండదు. కోపం వస్తే కత్తెర కాస్త వేగంగా నడుస్తుంది, అంతే. నేను వంటింట్లోంచి "అత్తమ్మా, ఉప్పేడున్నది?" అంటే ఆమె చేతిలోని బీడీ జారిపడేది.

పెళ్లయిన కొన్నాళ్లకే మా ఆయన శ్రీనివాస్ వాళ్లమ్మకు "అవ్వా, పోయొస్త" అని చెప్పి దుబాయ్ వెళ్లాడు. ఆ మరుసటి ఏడు, బతుకమ్మ పండుగ ఇంకా నెల ఉందనగా, ఆయన దోస్తు రవి సెలవు మీద మెట్‌పల్లి వచ్చాడు. వస్తూ మా ఇంటికి ఓ డబ్బా తెచ్చాడు. అందులో గులాబీరంగు సీసా, దాని మూత మీద గాజు పువ్వు.

"వదినె, సీనన్న పంపిండు," అన్నాడు రవి. "ఎసొంటి మనిషికి అని షాపుల పిల్ల అడిగిందట. మెత్తటి మనిషి, ఒక్కనాడు గట్టిగ మాట్లాడది, ఎవలనీ ఏమనది అని అన్న చెప్పిండట. గట్లయితే గిదే అని తీసిచ్చింది. మల్లె, గులాబీ కలిసిన సెంటంట."

చదివేవాళ్లు కాస్త ఆగి నా ముఖం ఊహించుకోండి. మెత్తటి మనిషా? నేనా? అంత దూరం పోయాక మా ఆయన చెవులకు నా గొంతు వీణలా మారిపోయిందన్నమాట! పక్కనే తునికాకు తుడుస్తున్న అత్తమ్మ సీసా వైపు ఓసారి చూసి తల దించుకుంది. నేను డబ్బా చంకన పెట్టుకుని లోపలికి పోయాను.

ఆ రోజు నుంచి ఆ సీసాకు తగిన మనిషిని కావాలని పట్టుపట్టాను. పొద్దున్నే మణికట్టు మీద సెంటు, రోజంతా గుసగుసలు. కూరగాయల బండి ఆయనను "టమాటలెట్ల?" అని మెత్తగా అడిగితే వినపడక బండి తోసుకుంటూ పోయేవాడు. ఇంట్లో రోజూ పప్పుచారే.

"బిడ్డా, గొంతుల పుండైందా?" అత్తమ్మ అడిగింది.

"లేదత్తమ్మా."

"మరి జర గట్టిగ మాట్లాడు. నాకు భయమైతుంది."

ఫోన్లో మా ఆయనదీ అదే గోల.

"సెంటు ముట్టిందా?"

"ముట్టింది," అన్నాను, మల్లెపువ్వు మాట్లాడితే ఎట్లా ఉంటుందో అట్లా.

"ఏంది? వినొస్తలేదు! పానం మంచిగ లేదా? నా మీద కోపమా?"

"కోపమెందుకు?"

"నువ్వు గిట్ల మాట్లాడితే నాకు నిద్ర పడ్తలేదు. సద్దుల బతుకమ్మ దినం అస్తున్న. అచ్చినంక మాట్లాడుకుందాం."

నేను మురిసిపోయాను. నా మెత్తదనానికి మనిషికి నిద్ర కూడా పట్టడం లేదు!

మొగుడు వస్తున్నాడని, పండుగ ఆఖరి రోజైన ఆ సద్దులకు పుట్టింటికి కూడా పోలేదు. నేనూ అత్తమ్మా కలిసి తంగేడు, గునుగు, బంతి వరుసలు పేర్చి నా నడుమెత్తు బతుకమ్మను చేశాం. గునుగు పువ్వుకు ఎన్ని రంగులద్దినా వాసన ఉండదు. ఆ లోటు నేను తీర్చాలనుకున్నాను. మా ఆయన ఆటో దిగేసరికి వాడంతా దుబాయ్ పూలతోటలా ఉండాలి.

సాయంత్రం ఇంటి ముందు ఆడవాళ్లంతా చేరారు. బతుకమ్మ మీద పసుపు గౌరమ్మ, పక్కన వెలుగుతున్న దీపం. చప్పట్లు, పాట. నేను కొంగు చాటున సీసా పట్టుకుని దగ్గరికి పోయాను. అత్తమ్మ చూసి, "వద్దు బిడ్డా, దీపమున్నది," అంది, తన మామూలు గొంతుతో. "జరంతే అత్తమ్మా," అన్నాను నేను, నా కొత్త గొంతుతో. ఇద్దరం మెత్తటివాళ్లమే. ఆ పాటలో ఎవరి మాట ఎవరికి వినపడాలి?

మూత తీసి బుస్సుమని కొట్టాను. బతుకమ్మ తల భగ్గుమంది, దాని మీదికి వంగిన నా కుడి కనుబొమ్మ చిటపటమంది.

నెల రోజులు లోపల దాచిపెట్టిన సిరిసిల్ల గొంతు ఒక్కసారి బయటికొచ్చింది.

"ఓ అత్తమ్మో! నీళ్లు! నీళ్లు తే! కాలవట్టే!"

పాట ఆగింది. కుక్కలు మొరిగాయి. అత్తమ్మ మాత్రం తొందరపడకుండా చెంబెడు నీళ్లు ఎత్తి బతుకమ్మ మీద కొంత, నా మీద కొంత పోసింది. అప్పుడే వీధి మలుపులో ఆటో ఆగింది. దుబాయ్ నుంచి దిగి జగిత్యాల మీదుగా వస్తున్న మా ఆయన సూట్‌కేసు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"లావణ్యా! మలుపు కాడికే వినొచ్చింది! ఇగ నా పెండ్లాం అవుపడ్డది!"

సగం కాలిన కనుబొమ్మతో సిగ్గుపడటం ఎంత కష్టమో నాకే తెలుసు. అంతలో ఆయన చూపు నా చేతి మీద పడింది.

"అవ్వ సెంటు నీ చేతిల ఎందుకున్నదే?"

"అవ్వ సెంటా?"

"మరెవలది? ఇంట్ల ఇయ్యమని రవిగానితోని పంపిన. చిన్నప్పటిసంది అవ్వ కొంగుకు తంబాకు వాసనే. ఓ పూల వాసన కూడ ఉండాలె అనుకున్న. మెత్తటి మనిషి అంటే ఎవలనుకున్నవ్?"

వాడంతా నా వైపు చూసింది. భూమి చీలితే దూకేద్దామనుకున్నాను.

"మరి నాకేం తెచ్చినవ్?" అన్నాను ఏడుపు గొంతుతో.

"గొంతు బిళ్లలు. నెల సంది గుసగుసలాడుతున్నవ్ గద, దవఖానల అడిగి డబ్బాలు డబ్బాలు తెచ్చిన!"

నవ్వు వీధి దాటిపోయింది. నేను సీసా తీసుకుని అత్తమ్మ ముందు నిలబడ్డాను.

"నీకు ఎర్కేనా అత్తమ్మా, ఇది నీదని?"

"ఎర్కే బిడ్డా," అంది ఆమె, నా కొంగు పిండుతూ. "నువ్వు గంత సంబురపడ్డవ్. ఎట్ల చెప్పాలె?"

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. కాలిన వరుస తీసేసి బంతిపూలు పెట్టి, ఆ రాత్రి అందరం ఆడాం. సీసాలో మిగిలిన సెంటును అత్తమ్మ పండుగలకు మాత్రమే వాడేది. మెడకు కాదు, చేతివేళ్లకు రాసుకునేది. రాసుకుని, ఎవరూ చూడటం లేదనుకుని వాసన చూసుకునేది. ఇప్పుడు ఆమె లేదు. ఖాళీ సీసా, కత్తెర నా అలమారలో పక్కపక్కనే ఉన్నాయి. మూత తీస్తే మల్లె, గులాబీ, తంబాకు కలిసి వస్తాయి. నాకు అదే మెత్తటి మనిషి వాసన.

కనుక నా పలచటి కనుబొమ్మ మీద చేయి వేసి ఒట్టు పెడుతున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ మెత్తగా మాట్లాడను. మొన్న సద్దులనాడు కూడా ఇదే ఒట్టు నా మామూలు గొంతుతోనే పెట్టాను. "సరే తీ!" అని వెనక వీధి వాళ్లు జవాబిచ్చారు.