తాలు కాయలతో కట్టిన ఫీజు

నా చిన్నప్పుడు, అద్దంకి దగ్గర మా ఊళ్ళో, తెల్లవారుతూనే కాలవ కట్ట మీద పరుగెత్తే ఆడపిల్ల ఒక్కతే ఉండేది. ఆమె మా పక్కింటి అక్క. వాళ్ళ నాన్న పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు. ఏళ్ళ తరబడి దూది నూగు పీల్చి పీల్చి, దగ్గుతో మంచం పట్టాడు. వాళ్ళమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. అలాంటి ఇంట్లోంచి వచ్చి ఆ అక్క జిల్లా పోటీల్లో గెలిచింది. ఆ పరుగు చూసి గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీ వాళ్ళు సీటు ఇస్తామన్నారు. చదువుకి ఫీజు లేదు గాని, హాస్టలు భోజనానికి ఏడాది డబ్బు ముందే కట్టాలి. సోమవారం సాయంత్రంలోగా కట్టకపోతే సీటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

మా ఊరికి అది చెడ్డ ఏడు. కళ్ళాల్లో కాయ ఆరుతుండగా ముసురు పట్టి వదల్లేదు. ఎర్రగా నిగనిగలాడాల్సిన మిరపకాయ తెల్లగా పాలిపోయి తాలు అయింది. తాలు కాయకి ధర ఎవడు పెడతాడు? బస్తాలు వసారాల్లోనే మూలుగుతున్నాయి. పురుగు మందుల కొట్టు యజమానికి ఎదురుపడలేక మా నాన్న ఆ వీధిలో నడవడమే మానేశాడు. అక్క వాళ్ళమ్మ గడప గడపా ఎక్కి దిగింది. ఊళ్ళో పెద్ద రైతు, "ఆడపిల్ల పరిగెత్తి ఏం సాధిస్తదమ్మా? పొగాకు కంపెనీలో ఆకు ఏరే గ్రేడింగు పనికి పంపు, నాలుగు రాళ్ళొస్తాయి" అన్నాడట. ఆమె తిరిగొచ్చి, కంపెనీకి కూలీల్ని కుదిర్చే మేస్త్రీకి సరేనని మాటిచ్చేసింది.

ఆ మర్నాడు అక్క పరుగుకి వెళ్ళలేదు. డ్రిల్లు మాస్టారు కొనిచ్చిన కాన్వాసు బూట్లు తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వు పెద్దయ్యాక వేసుకోవే, నాకెందుకిక" అంది. ఏడవలేదు. ఆ ఏడవకపోవడానికే నాకు భయం వేసింది. బూట్లు పట్టుకుని మా నాయనమ్మ దగ్గరికి పరుగెత్తాను.

మా నాయనమ్మని మేం మామ్మ అనేవాళ్ళం. పొరుగింట్లో మజ్జిగ కూడా పుచ్చుకునే మనిషి కాదు. ఆమె బూట్లకేసి చూసి, గంప చంకన పెట్టుకుని, నన్ను రమ్మంది. పెద్ద రైతు ఇంటికే అనుకున్నాను. ఆ మేడ దాటిపోయి, ఊరి చివర పాకలో ఒంటరిగా ఉండే కూలి ముసలమ్మ దగ్గర ఆగింది.

"పక్కింటి పిల్లని కాలేజీకి పంపాలి. తాలు కాయలైనా సరే, దోసెడు పెట్టు" అంది.

ఆ ముసలమ్మ లేచి లోపలికి వెళ్ళింది. చేలల్లో ఏరుకొచ్చి ఏడాది కారానికని కుండలో దాచుకున్న కాయల్ని దోసిలి నిండా పోసింది. నాకు తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చాక, "ఆమెకే లేదు గదా మామ్మా, ఆమెనడగటమేంటి?" అన్నాను.

"లేనోళ్ళు ముందు పెడితే ఉన్నోళ్ళకి లేదనటానికి నోరు రాదే. అయినా, ఆమెకి లేదుగదా అని దాటిపోతే ఆమెని మనిషి కింద లెక్కెయ్యనట్టు గదా?"

ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ డబ్బు మాటే ఎత్తలేదు. గంప దింపి, ముందు ఎవరు పెట్టారో చెప్పి ఊరుకునేది. డబ్బు లేనివాళ్ళకి కూడా తాలు కాయలున్నాయి. పెద్ద రైతు గంపలోకి చూసి, "ఆ ముసల్ది కూడా పెట్టిందా?" అన్నాడు. "తన కూట్లోకి దాచుకున్నయ్యే పెట్టింది" అంది మామ్మ. ఆయన మీసం దువ్వుకుని, పాలేరుని పిలిచి రెండు బస్తాలు బయట వేయించాడు. అది తెలిసి అక్క వాళ్ళమ్మ మేస్త్రీకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంది.

సోమవారం పొద్దున్నే బస్సు టాపు మీద బస్తాలెక్కించి మామ్మ, అక్క, నేను గుంటూరు మిర్చి యార్డులో దిగాం. వ్యాపారి గుప్పెడు కాయలు తీసి చూసి, పెదవి విరిచి ఒక ధర చెప్పాడు. కట్టాల్సిన దాంట్లో సగం కూడా రాదు. ఇంకో ఇద్దర్ని అడిగినా అదే మాట. అక్క బస్తా మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది. చుట్టూ ఘాటుకి అందరి కళ్ళూ నీళ్ళు కారుతుంటే ఆమె ఏడుపు ఎవరికీ పట్టలేదు. మా మామ్మ మొహంలో దిక్కుతోచకపోవడం నేను చూడటం అదే మొదలు.

అయినా అమ్మలేదు. రిక్షా మాట్లాడి బస్తాలతో సహా కాలేజీకి తీసుకెళ్ళింది. ఆఫీసు గుమస్తా తలెత్తకుండానే, డబ్బు లేకపోతే పొమ్మన్నాడు. ఐదింటికి తలుపులు మూస్తారన్నాడు. మామ్మ ఆ గదిలోంచి వచ్చి ప్రిన్సిపాలు గది దాటి, హాస్టలు వెనక వంటశాలకి నడిచింది. గంజి వారుస్తున్న వంటామె ముందు దోసెడు కాయలు పోసి, సంగతంతా చెప్పింది. వంటామె ఒక కాయ తుంచి నాలుక్కి రాసుకుంది.

"రంగు లేదు గాని ఘాటుందమ్మా. కాస్త మంచి కాయ కలిపి దంపితే ఎవురికీ తెలవదు. మేం కొట్లో ఆ యార్డు ధరకి మూడింతలు పోసి కారం కొంటున్నాం."

చేతులు తుడుచుకుంటూ ఆమే వార్డెను దగ్గరికి వెళ్ళింది. లోపల ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. గుమ్మం బయట అక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళు తిమ్మిరెక్కాయి. చివరికి వార్డెనమ్మ వచ్చి, బస్తాలు వంటశాలకే జమ చేసుకుంటామనీ, మిగతా కొద్ది బాకీ అక్క సెలవుల్లో వంటపనిలో సాయం చేసి తీర్చుకోవచ్చనీ చెప్పింది.

ఆ చలికాలమే వాళ్ళ నాన్న పోయాడు. అక్క జిల్లా దాటి పెద్దగా గెలిచిందీ లేదు. కాని చదువు ఆగలేదు. సింగరాయకొండ దగ్గర ఒక బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి, ఎందరో ఆడపిల్లల్ని పరుగెత్తించింది.

ఇప్పుడు చందాలన్నీ ఫోన్లలోనే పోగవుతున్నాయి. మొన్న మా వీధి ఆటో అతని కూతురికి కాలేజీ ఫీజు కోసం అందరం పూనుకున్నాం. మా ఇంట్లో పాచిపని చేసే ఆమెని మాత్రం, పాపం ఎందుకులెమ్మని మిగతావాళ్ళు అడక్కుండా వదిలేశారు. నేను చెప్పులేసుకుని ముందుగా ఆమె ఇంటికే వెళ్ళాను. సంగతి విని ఆమె నా మొహంలోకి చూసింది.

"నన్ను కూడా అడగాలనిపించిందా అమ్మా మీకు?" అంటూ కొంగుముడి విప్పింది.