పొడుం డబ్బాలో మైనం

ఈ పొద్దున అలమారలో పాత దుప్పట్లు సర్దుతుంటే మా అత్తగారి పొడుం డబ్బా చేతికి తగిలింది. అరచేతిలో ఇమిడిపోయే గుండ్రటి రేకు డబ్బా, మూత మీద రంగు ఏనాడో పోయింది, అంచును తుప్పు కొరికేసింది. మూత తిప్పగానే ముందు ముక్కుపొడుం ఘాటు సన్నగా, దాని వెనకాల తేనెమైనం వాసన, ఆ వెనకాల ఎక్కడో అడుగున పాత ఆముదం వాసన, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. లోపల ఉసిరికాయంత మైనం ముద్ద ఇంకా మిగిలే ఉంది. షారోనూ, జోయెలూ, పోయిన ఆదివారం పూణే నుంచి మీరు ఫోనులో అడిగింది ఈ మైనం గురించే. చలికి పెదాలు పగిలి రక్తం వస్తోందని, బళ్ళో అందరూ పూసుకునే జెల్లీని మీ అమ్మ కొననివ్వడం లేదని, అమ్మమ్మ చేసే మందు పంపమని అడిగారు. ఆ తర్వాత షారోను గొంతు తగ్గించి ఇంకో మాట అడిగింది. "అమ్మమ్మా, చిన్నప్పుడు ఆ జెల్లీ పూసుకుంటే అమ్మ పెదాలు నిజంగా కాలిపోయాయా?"

సిగ్నల్ సరిగ్గా లేదు తల్లీ అని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది. మీరు అడిగినదానికి జవాబు చెప్పాకే మైనం పంపాలి. ఇరవై ఏళ్ళకు పైగా మీ అమ్మకు చెప్పకుండా దాచుకున్న జవాబు అది. అందుకని మీ అమ్మ చిన్నతనం కొంచెం చెబుతాను, తొందరపడకుండా వినండి.

ప్రత్తిపాడు అవతల నల్లరేగడి చేల మధ్య ఉన్న ఈ ఊళ్ళోనే అప్పుడూ ఉండేవాళ్ళం. మీ అమ్మ ఎనిమిదో తరగతి చదువుతోంది. డిసెంబరు వచ్చిందంటే పొద్దునపూట పత్తిచేల మీద మంచు తెల్లగా కూర్చునేది, విచ్చుకున్న పత్తి ఏదో మంచు ఏదో ఎండ ఎక్కేదాకా తెలిసేది కాదు. బడికి సెలవు దొరికితే పిల్లలందరూ తల్లుల వెంట పత్తి తీయడానికి వచ్చేవాళ్ళు, ఒడిలో దూది నింపుకుంటూ, సాళ్ళ మధ్య దాగుడుమూతలు ఆడుకుంటూ, ఎండిన పత్తికాయ మొనలు గుచ్చుకుని వేళ్ళ చివర్లు చీరుకుపోతే నోట్లో పెట్టుకుని చప్పరించుకుంటూ. మధ్యాహ్నం వీచే పొడిగాలికి పెదాలు ఎండిపోయి, నవ్వితే చాలు నడిమికి చిట్లేవి. ఆడవాళ్ళ మడమలు మేము నడిచే రేగడి లాగానే నెర్రెలు విచ్చేవి.

ఆ నెర్రెలన్నిటికీ మా అత్తగారు సారమ్మ దగ్గర ఒకటే మందు. వానలు వెనకబట్టాక ఏడాదికోసారి నల్లమల వైపు నుంచి ఒక మొగుడూ పెళ్ళాం కావడి వేసుకుని వచ్చేవాళ్ళు, ఒక తట్టలో తేనె సీసాలు, ఒక తట్టలో మైనం ముద్దలు. మా అత్తగారు తేనె జోలికి పోకుండా చాటెడు ఎండుమిరపకాయలు ఇచ్చి మైనం తీసుకునేది. ఆముదం ఇంట్లోదే. పెరటి గట్టున చెట్లుండేవి. గింజలు వేయించి, దంచి, నీళ్ళు పోసి కాచి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి సీసాలో పోసేది. ఆముదం వండే రోజు ఆ వాసనకు మీ అమ్మ ముక్కు మూసుకుని వీధి చివరిదాకా పరిగెత్తేది. కాగే నీళ్ళలో చిన్న గిన్నె పెట్టి, ఒక వంతు మైనం, నాలుగు వంతుల ఆముదం కరిగించి, పొడుం అయిపోయిన డబ్బాను కడిగి ఆరబెట్టి అందులో పోస్తే, చల్లారేసరికి వెన్నలా గడ్డకట్టేది. కాలికీ అదే, చేతికీ అదే, పెదవికీ అదే. "నోట్లో పడ్డా భయం లేనిదే మూతికి రాయాలే," అనేది మా అత్తగారు, పొడుం పట్టిన ముక్కు తుడుచుకుంటూ.

ఆ ఏడే మా ఊరి కొట్లో జెల్లీ డబ్బాలు వచ్చాయి. నీళ్ళంత తేటగా ఉండేది లోపలి సరుకు, మూత తీస్తే గులాబీ వాసన. కిరసనాయిలూ పెట్రోలూ తీసే నూనెలోంచే దాన్నీ తీస్తారని బడిలో మాస్టారు చెప్పారట. మా అత్తగారు అది విని, "ట్రాక్టరుకు పోసేదాన్ని మూతికి పూసుకుంటారంటే, ఇంక హారనొకటే తక్కువ," అంది. మీ అమ్మ నవ్వలేదు. తన పుస్తకాల సంచిలో పొడుం డబ్బా చూసి బళ్ళో పిల్లలు ఆటపట్టించేవాళ్ళు. "ఏమే సుజాతా, ఇంకో పట్టు పట్టవే!" అని ఒకరు, ఉత్తుత్తి తుమ్ములు తుమ్మి ఇంకొకరు. నాకూ ఆ డబ్బా కొనిపెట్టమ్మా అని ఏడ్చింది. మన చేత్తో చేసుకునేది ఉండగా అదెందుకన్నాను. చేత్తో చేసినదాని మీద నాకు ఇష్టం ఉన్నమాట నిజమే. ఇష్టంతోపాటు పంతం కూడా ఉంది.

తుమ్మని పిల్ల ఒక్కటే, పద్మ. మేము కూలికి పోయే ఆసామి కూతురు. బళ్ళో ఒకే బెంచీ, ఇంటికొస్తే ఒకే తొక్కుడుబిళ్ళ గళ్ళు, పచ్చి చింతకాయ ఉప్పూకారంలో అద్దుకుని చెరో కొన కొరికేవాళ్ళు. వాళ్ళింట్లో పెద్దవాళ్ళు పిలిచినట్టే ఆ పిల్ల కూడా నన్ను "మార్తమ్మా" అని పేరు పెట్టి పిలిచేది. మా వాకిట్లోకి వచ్చేది గానీ, వాళ్ళమ్మ అరుస్తుందని గడప దాటేది కాదు. ఆ క్రిస్మస్‌కు మాత్రం, "ఎవరేమన్నా సరే, గుడికొచ్చి ముందు బెంచీలో కూర్చుంటా, నువ్వు పాడతంటే చూడాలి," అని మీ అమ్మకు మాటిచ్చింది. ఎందుకంటే ఆ ఏడు మీ అమ్మ ఒక్కతే నిలబడి పాట పాడాలి. అంతకుముందు మా వాడలో ఏ ఆడపిల్లకూ ఆ అవకాశం రాలేదు. నెలరోజుల పాటు ఇల్లంతా ఆ పాటే. మీ తాతయ్య దాచేపల్లి సున్నం తెచ్చి గోడలకు వెల్ల వేస్తుంటే పాట, నేను అరిసెల పాకం చూస్తుంటే పాట, మా అత్తగారు కజ్జికాయల అంచులు నొక్కుతుంటే పాట.

మిరపకాయ పని తెలియని మీకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తొడిమలు తీసే ఆడవాళ్ళం కాయల కుప్ప చుట్టూ కూర్చుని, నడుమ ఆముదం గిన్నె ఒకటి పెట్టుకునేవాళ్ళం. వేళ్ళకు ఆముదం పట్టించుకుంటే కారం అంతగా పట్టదు. పది కాయలు తుంచడం, వేళ్ళు గిన్నెలో ముంచడం, మళ్ళీ తుంచడం, పొద్దుగూకేదాకా ఇదే. సాయంత్రానికి ఆ గిన్నెలో ఉన్నది పేరుకే ఆముదం. కాయల్లోని మంటంతా వేళ్ళ వెంట దిగి అందులో చేరేది. అందుకని మిగిలినదాన్ని కల్లం గట్టునే పారబోసి, గిన్నెను బూడిదతో తోమి గానీ ఇంటికి తెచ్చుకునేవాళ్ళం కాదు. ఆ డిసెంబరులో పద్మ వాళ్ళ నాన్న కొట్టుగదిలో దాచిన పాత కాయలను కల్లంలో పోయించి తొడిమలు తీయించాడు. పండక్కి మూడు రోజుల ముందు ఆ పని అయిపోయింది. గిన్నెలో ఇంకా సగం నూనె ఉంది. ఇంట్లో సీసా అడుగంటింది, పెరట్లో గింజలు ఇంకా ఎండలేదు. పైకి తేరిన నూనె బంగారం రంగులో తేటగా కనబడుతుంటే పారబోయడానికి చెయ్యి రాలేదు. గిన్నెను కొంగు చాటున పెట్టుకుని తెచ్చి, మా అత్తగారు చూడకుండా సీసాలోకి ఒంపేశాను. మర్నాడు ఆ నూనెతోనే మైనం కరిగించాను. వేలితో కలిపి చూశాను కూడా. ఏమీ అనిపించలేదు. ఏళ్ళ తరబడి కాయల్లో నానిన వేళ్ళు నావి, వాటికి మంట తెలియడం ఎప్పుడో మానేసింది.

పండగ పొద్దున మీ అమ్మకు తలంటి, కొత్త పరికిణీ కట్టి, రెండు జడలు వేసి, కొత్తగా చేసిన మందు నేనే పెదాలకు పూశాను.

"మండతందమ్మా."

"పగిలిన పెదాలు గదే, కాసేపు మండుద్ది. ఓర్చుకో."

"చానా మండతందమ్మా."

"పాట పాడేదానివి, ఏడుపు మొహం పెట్టమాక," అంటూ ఇంకో పొర పూశాను.

పద్మ అన్నమాట ప్రకారం వచ్చింది. ముందు బెంచీలో మా ఆడవాళ్ళ మధ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మీ అమ్మ లేచి నిలబడి మొదటి చరణం పాడింది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. రెండో చరణానికి వచ్చేసరికి కింది పెదవి వాచి ఎర్రగా అయింది, పెదాలు కలిపి పలకాల్సిన మాటల దగ్గర ఆగిపోయింది, మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ ఆగిపోయింది. కళ్ళ నీళ్ళు కారిపోతుంటే అలాగే నిలబడింది. వెనకనుంచి పెద్దవాళ్ళు పాట అందుకుని ముగించారు. మీ అమ్మ కూర్చుంది.

ఇంటికొచ్చాక పెదాలకు మీగడ రాస్తూ, ఏం పూసుకున్నావే అని గద్దించాను. పుస్తకాల సంచిలోంచి జెల్లీ డబ్బా తీసి చూపించింది. పద్మ ఇచ్చిందట, నాలుగు రోజులుగా నాకు తెలియకుండా రాసుకుంటోందట. "అదుగో! పెట్రోలు పూసుకుంటే కాలక చల్లగా ఉంటదా? నీ మూతి కాల్చింది ఆ డబ్బానే," అన్నాను. తెలిసి చెప్పిన అబద్ధం కాదు పిల్లలూ. ఆ క్షణాన నేనూ నమ్మాను.

మీ అమ్మ ఆ డబ్బా పట్టుకుని పరిగెత్తింది, వెనకాలే నేను. పద్మ వాళ్ళ వాకిట్లోనే ఉంది, ఏమైందో కనుక్కుందామని మా ఇంటికే బయలుదేరుతోంది.

"తీస్కో నీ డబ్బా. నా పాట పాడుజేశావ్. ఇంక నాతో మాట్లాడమాక."

"నేనేం జేశానే? నేనూ రోజూ అదే పూసుకుంటన్నా గదే!"

ఆ మాట నా చెవిన పడింది. నిజమే కదా అని ఒక్కసారి అనిపించింది. అనిపించినా, మీ అమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేశాను.

రెండు రోజుల తర్వాత, కళ్ళకు చలవని మా అత్తగారు అలవాటుగా సీసాలోంచి ఆముదం తీసి రెప్పల మీద రాసుకుంది. "ఒసే మార్తా! ఇదేం ఆముదమే, కళ్ళు పేలిపోతన్నయ్!" అని కేక పెట్టింది. చల్లటి పాలతో తుడిచి తడిగుడ్డ వేశాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, "కల్లం గిన్నె నూనె ఇంటికి తెచ్చావా?" అంది. తల ఊపాను. కళ్ళ మీద గుడ్డ ఉంది, ఆమెకు కనబడదు. నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

"తెచ్చాను అత్తా."

"పిల్లకు చెప్పు. ఆ పద్మ ఏ పాపం ఎరగదు."

"చెబుతాలే అత్తా."

ఆ సీసా అప్పుడే పెంటలో పారబోశాను. డబ్బాలో మందు గీకేసి, బూడిదతో తోమి, మిగిలిన మైనం అందులో దాచాను. చెప్పడం మాత్రం రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండిపోయాను. నెల తర్వాత మీ అమ్మ పెదాలు మానాయి, ఇక గుర్తు చేయడం ఎందుకనుకున్నాను. చెబితే నా చేత్తో ఇచ్చింది ఇంకేదీ నమ్మదేమోనని భయపడ్డాను. మా అత్తగారు వారానికోసారి అడిగేది, "చెప్పావా?" అని. వానాకాలంలో ఆమె పోయింది. అడిగే మనిషి లేకపోయాక నాకు సులువైంది. పదో తరగతి అయ్యేదాకా ఆ ఇద్దరు పిల్లలూ ఒకే బడిలో చెరో చివర కూర్చున్నారు. మీ అమ్మ మళ్ళీ ఎక్కడా ఒంటరిగా నిలబడి పాడలేదు.

అదీ జవాబు. జెల్లీ మీ అమ్మ పెదాలను కాల్చలేదు. నేను కాల్చాను. నాకు ఇప్పటికీ మైనమే ఇష్టం. నేల కింద నుంచి తోడిన నూనె కంటే గట్టు మీద చెట్టు ఇచ్చిన నూనె నా ఒంటికి నప్పుతుంది, మీకూ నప్పుతుందనే నా నమ్మకం. కానీ మీరు దాన్ని ఎంచుకుంటే దాని మంచి చూసి ఎంచుకోవాలి, ఒక పిల్ల మీద పడ్డ నింద విని కాదు.

పోయిన వేసవిలో పద్మ ఊరికొచ్చింది. గుంటూరులో టీచరట, జుట్టు అక్కడక్కడా నెరిసింది. మా గడప దాటి లోపలికొచ్చి, "బాగున్నారా ఆంటీ?" అంటూ మంచం మీద నా పక్కనే కూర్చుంది. మంచినీళ్ళు అడిగి తాగింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "సుజాతకి ఇంకా నా మీద కోపమేనా?" అని నవ్వింది. అప్పుడైనా చెప్పాల్సింది. ఫోను నంబరు మాత్రం రాయించుకున్నాను.

ఇప్పుడు ఊళ్ళో ఆముదం గిన్నె చుట్టూ ఎవరూ కూర్చోరు. కాయలు టిక్కీ బస్తాల్లో గుంటూరు కోల్డు స్టోరేజీకి పోతాయి, అక్కడ ఆడవాళ్ళు చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని తొడిమలు తీస్తారు. గట్ల మీద ఆముదం చెట్లు పీకేశారు. పత్తికి మందులు కొట్టీ కొట్టీ, గుడి వెనక వేపచెట్టుకు ఏటా పట్టే తేనెపట్టు పట్టడం మానేసింది. కావడి వేసుకుని వచ్చే ఆ మొగుడూ పెళ్ళాం వచ్చి ఎన్నాళ్ళయిందో కూడా గుర్తులేదు. ఈ ముద్ద అయిపోతే నా దగ్గర ఇంక మైనం లేదు.

రేపు డబ్బాతో సహా పార్సిలు చేస్తాను. ఆముదం అక్కడే మంచిది చూసి కొనుక్కోండి. సీసా ఎంత కొత్తదైనా, ఎవరిచ్చిందైనా, కరిగించే ముందు మీ అమ్మనో నాన్ననో ఒక చుక్క తమ పెదవికి రాసుకుని కాసేపు ఆగమనండి. వేలిని నమ్మవద్దు. ఇక డబ్బా అడుగున, మైనం కింద, మడత పెట్టిన కాగితం ఉంటుంది. అది మీ అమ్మకు, అందులో పద్మ నంబరు ఉంది. ముందు ఈ ఉత్తరమంతా అమ్మను కూర్చోబెట్టి చదివి వినిపించండి. మధ్యలో కోపం వస్తే రానివ్వండి, చదవడం ఆపకండి. మైనం ఆ తర్వాత కరిగించుకోవచ్చు.