పెంచలమ్మత్త రాగం తీస్తే...

మా చిన్నప్పుడు, మా నానమ్మ పోయిన రోజు... వసారాలో చాప మీద ఆమెను పడుకోబెట్టి ఉన్నారు. మైపాడు సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి కొడుతోంది. ఇంతలో మా పెంచలమ్మత్త గొంతు వినపడింది. మా నాన్నకు అక్క. అత్తగారి ఊరి నుంచి వచ్చి బస్సు దిగి, వీధి మొదట్లోనే రాగం అందుకుంది.

ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు... రాగం తీసి ఏడవడమంటే ఊరికే ఏడవడం కాదు. పోయిన మనిషిని పలకరిస్తూ, వాళ్ల బతుకంతా తలుచుకుంటూ, పనిలో పనిగా బతికున్నవాళ్లకు చురకలు అంటించడం.

ఆ రోజు అత్త నానమ్మ తల దగ్గర కూలబడి...

"నోరు చేదుగా ఉంది, గుక్కెడు కాఫీ ఇయ్యమ్మే అంటివే అమ్మా... పాలయిపోయినాయని చెప్పిరే అమ్మా... బర్రె నీది, పాలు నీవి, నీకు గుక్కెడు దక్కకపాయనే అమ్మా..."

పాలయిపోయాయని చెప్పింది మా అమ్మే. నానమ్మ కాళ్ల దగ్గరే కూర్చుని ఉంది. వీధి వీధంతా విన్నారు. అమ్మ తల దించుకుని ఏడుస్తూనే ఉంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

దహనం అయ్యి, అందరూ తలకు పోసుకుని వచ్చాక చూద్దును కదా... పక్కింటివాళ్లు తెచ్చిన అన్నం అమ్మే అత్తకు వడ్డిస్తోంది. "గొంతు పోయింది గదా వదినా, చారు పోసుకో" అంటోంది.

కోపం రాలేదా అని అమ్మను అడిగాను.

"ఎందుకు రాదు, వచ్చింది. ఆమె అన్నది నిజమే గదా. నీళ్లు పోసుకొని వచ్చినాక అయ్యన్నీ ఎత్తకూడదు అమ్మణ్ణీ."

అదీ పద్ధతి... శవం దగ్గర ఆడవాళ్లు కొడుకునైనా, కోడలినైనా, ఊరి పెద్దనైనా ఏమైనా అనొచ్చు. ఎవరూ నోరెత్తకూడదు. స్నానాలయ్యాక ఆ మాట మళ్లీ రాకూడదు. మామూలు రోజుల్లో అత్త మా అమ్మను పల్లెత్తు మాట అనేది కాదు. మింగుకున్నదంతా ఆ ఒక్క పూటే కక్కేసింది.

మొన్నామధ్య మా చిన్నాన్న పోయాడు. అత్త అప్పటికే కర్ర పట్టుకుని నడుస్తోంది. గొంతు మాత్రం అదే. చిన్నాన్న కొడుకు శీనయ్యకు రొయ్యల గుంటలున్నాయి. అత్త తమ్ముడి చెయ్యి పట్టుకుని...

"కళ్లు మసకలాయ, నెల్లూరు తీస్కపోరా అంటివే తమ్ముడా... రొయ్యలకు మేతెయ్యాల అనెనే నీ కొడుకు... రొయ్యకున్న విలువ నీకు లేకపాయనే తమ్ముడా..."

శీనయ్య గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. స్నానాలయ్యాక అత్తకు కాఫీ వాడే తెచ్చిచ్చాడు. అక్కడితో అయిపోవాలి.

అయిపోలేదు. మా దూరపు చుట్టం ఒకాయన జానపద కళల వీడియోల ఛానెల్ నడుపుతాడు. పోయిన మనిషిని చూడ్డానికొచ్చాడో, వీడియో కోసమే వచ్చాడో నాకు ఇప్పటికీ అనుమానమే. "అంతరించిపోతున్న మన సంప్రదాయాన్ని భద్రపరుద్దాం" అని రాసి, ఫోన్లో తీసిన అత్త ఏడుపు అందులో పెట్టాడు. భద్రపరచమని ఆయన్ను ఎవరడిగారు?

జనం ఎగబడి చూశారు. ఏం గొంతు, కన్నీళ్లాగలేదు అని కొందరు... మిగతావాళ్లంతా శీనయ్యను తిట్టడమే. ముక్కూ మొహం తెలియనివాళ్లు. తర్వాత ఎవరో దానికి డప్పు బీటు కలిపారు. పట్నంలో ఏదో ప్రదర్శనలో, చీకటి గదిలో రంగు లైట్లు పెట్టి అత్త ఏడుపు వినిపించారట... ఆధునిక కళ అట. మా చుట్టం ఆ ఫొటోలు గొప్పగా అందరికీ పంపించాడు. ఇక్కడేమో శీనయ్య కూతుర్ని బడిలో పిల్లలు అదే రాగం తీసి ఎగతాళి చేస్తున్నారు.

శీనయ్య అత్త దగ్గరికి వెళ్లినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"నువ్వు అన్నదాంట్లో తప్పు లేదత్తా. ఆ రోజు నేను పడాల్సిందే. కానీ ఇంకా ఎన్నాళ్లు పడాల? రోజూ ఎవడో ఒకడు కొత్తగా వింటన్నాడు."

అత్తకు అర్థం కాలేదు. "అయిపోయిన ఏడుపు మళ్లీ ఎట్టా వినపడతాది రా?" అంది.

వాడు ఫోన్ తీసి వినిపించాడు. డప్పు మోతలో తన గొంతు తానే విని అత్త మొహం పాలిపోయింది. తీసేయమని మా చుట్టానికి కబురు పెట్టించింది. ఆయన తీసేశాడు, పాపం. కానీ అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పోయిందో ఆయనకే తెలియదు.

అప్పటినుంచీ భద్రపరచడం అనే మాట వింటేనే నాకు గుబులు. ఆ మాటలు ఆ పూటకే పోతాయన్న ధైర్యంతోనే కదా ఆడవాళ్లు అన్నాళ్లూ నిజం చెప్పింది...

ఈ వేసవిలో మా అమ్మ పోయింది.

అత్తను నడిపించుకొచ్చి అమ్మ తల దగ్గర కూర్చోబెట్టాం. ఎన్నేళ్ల వదినామరదళ్లు వాళ్లు... మా అమ్మ ఏమేం పడిందో, ఎవరెవరు కష్టపెట్టారో చెప్పగలిగేది ఇక ఆమె ఒక్కతే. నన్ను నాలుగు మాటలన్నా పడదామనే ఎదురుగా కూర్చున్నాను. అత్త నోరు తెరిచింది. చుట్టూ చూసింది. పైట చెంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు లేకుండా ఏడవడం మొదలుపెట్టింది.

నేను లేచి అందరి ఫోన్లూ బయట అరుగు మీద పెట్టించాను. వచ్చి అత్త చెవిలో చెప్పాను.

"ఎవరి దగ్గరా ఫోన్లు లేవత్తా. అమ్మతో మాట్లాడు."

"ఉన్నాయో లేవో నాకెట్టా తెలుస్తాది అమ్మణ్ణీ" అంది, నా చేతికున్న స్మార్ట్ వాచీ వంక చూస్తూ.

అమ్మ గురించి ఒక్క మాట కూడా వినపడకుండానే అమ్మను తీసుకెళ్లిపోయారు...

మీ ఊళ్లో రాగం తీసి ఏడ్చే అత్తలు, అమ్మమ్మలు ఇంకా ఉంటే కింద రాయండి, చదవాలని ఉంది. ఊరు పేరు మాత్రం రాయకండి. నేనూ పేర్లన్నీ మార్చే రాశాను... ఇది ఎవరెవరు చదువుతున్నారో నాకు తెలియదు కదా.