జలకన్యకు నాలుగు చుక్కల నూనె

బీదర్‌లో చదువుకునే రోజుల్లో నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మ కొబ్బరినూనె సీసా లేకుండా టీవీ ముందు కూర్చునేది కాదు. ఒక ఆదివారం సినిమాలో జలకన్య జుట్టు విరబోసుకుని రాజకుమారుడి కోసం పాడుతోంది. నా తలకు నూనె రాస్తున్న పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది.

“నీళ్లల్ల ఉండేదాని జుట్టు గట్ల పట్టులెక్క ఉంటదా? మా మంజీర నదిల ఉన్నదాని జుట్టు పాచిలెక్క చిక్కులు పడ్డది. దానికి రాజులు గీజులు అక్కర్లేదు బిడ్డా. నూనె కావాలె, అంతే!”

ఏటికి బట్టలుతకడానికి వెళ్లిన ఆడవాళ్లు ముందుగా దానికోసం బండ మీద నాలుగు చుక్కల నూనె పోసేవారట. లేకపోతే అది పిల్లల కాళ్లు పట్టి లాగుతుందట.

తర్వాత నాకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. నన్ను చూడటానికి వచ్చిన పెద్దమ్మను సినిమాకు తీసుకెళ్లాను. అందులోనూ జలకన్యే, అదే మెరిసే జుట్టు.

“దీనికెవరు పెట్టిండ్రు పెద్దమ్మా నూనె?” అని నవ్వాను.

ఆమె తెర వైపు చూడనే లేదు. నా తల నిమరబోతే వేళ్లు జుట్టులో చిక్కుకున్నాయి. హాల్లోనే సంచిలోంచి సీసా తీసింది.

“దాని సంగతి ఇడ్సిపెట్టు. నీ జుట్టుకంటె మంజీరల ఉన్నదాని జుట్టే నయం. ఇటు తిరుగు.”