కొంగు మీద కొలిచిన కిరీటం

నేను చేసిన కిరీటాన్ని నాకే ఇవ్వనన్నారు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

మా ఊరి భజన గుడిలో ఒక రేకుపెట్టె ఉంది. అందులో మగవాళ్ళు నాటకంలో పెట్టుకునే కృష్ణుడి కిరీటం ఉంది. నా పాతికేళ్ళ వయసులో చేశాను దాన్ని. నాటకం నేర్పడానికి పామిడి నుంచి వచ్చిన ఒక పెద్దాయన సామాను మోసి, ఆయనకు బీడీలు తెచ్చిచ్చి, పక్కన కూర్చుని చూసి నేర్చుకున్న పని. నేను బడికి పోయినవాణ్ణి కాదు. అక్షరాలు కూడా అలాగే వచ్చాయి. బెల్లం పొట్లాల కాగితాల మీద, గోడల మీది ఎన్నికల రాతల మీద వేలు పెట్టి, కనబడినవాణ్ణల్లా అడిగి నేర్చుకున్నాను. ఎవరో చెప్తే వచ్చిన చదువు కాదు కాబట్టి ఎవరో వద్దంటే మానుకునే గుణం నాకు అబ్బలేదు.

ఈ ఏడు మా ఊరి ఆడవాళ్ళు కోలాటం కట్టారు. ఉపాధి పనిలో కలిసి మట్టి తవ్వేవాళ్ళే అందరూ. శ్రీరామనవమి రోజు గుడి ముందర ఆడాలని నాలుగు నెలలు సాధన చేశారు. నడుమ నిలబడే కృష్ణుడి వేషం మా కోడలిది. మావాడు బెంగుళూరులో సెంట్రింగు పనికి పోయి ఎప్పుడో ఒకసారి వస్తాడు. ఇంట్లో ఉండేది నేను, నా భార్య, కోడలు. పెళ్ళై వచ్చిన తొమ్మిదేళ్ళలో ఆ పిల్ల గొంతెత్తి నవ్వగా నేను వినలేదు. సాధన నుంచి వచ్చిన రోజు మాత్రం వంటింట్లో అంట్లు తోముతూ పాట గొణుక్కునేది. అది వింటూ అరుగు మీద కూర్చోవడం నాకు అలవాటయింది.

ఇంకో పన్నెండు రోజుల్లో పండగనగా, కోలాటం నేర్పే గార్లదిన్నె ఆమె మా కోడలికి తేల్చి చెప్పింది. "కిరీటం లేని కిష్ణున్ని ఎవురు సూస్తారు? దొరకలేదంటే ఆ వేషం ఎత్తేస్తాం. నువ్వు గూడా అందరితో కలిసి సుట్టూ తిరుగు." ఆ రోజు వంటింట్లో పాట లేదు.

నేను గుడికి పోయాను. గుడి పెద్ద నాకంటే చిన్నవాడు, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరుగుతాడు.

"అన్నా, ఆడోళ్ళ నెత్తిన పెడితే మైల పడదా? మళ్ళా మేం యెట్ల పెట్టుకునేది?" అన్నాడు.

"మీరు తాగొచ్చి పెట్టుకున్నప్పుడు పడలేదా మైల? అది నేను చేసిన కిరీటంరా!"

"చేసినావు, ఇచ్చినావు. ఆ పొద్దే గుడిది అయిపాయ. పో అన్నా, ఎండకు నిలబడొద్దు."

అనంతపురంలో వేషాల సామాను బాడుగకిచ్చే అంగడి ఉంది. వాళ్ళడిగిన దుడ్లకు మా ఇంటికి నెల బియ్యం వస్తాయి. ఇంటికొచ్చి చెప్పేశాను, ఇంకొకటి చేస్తానని. "ఇప్పుడా? నీ కండ్లకు సూదిలో దారం కానరాదే!" అంది నా భార్య.

పాత కిరీటానికి జీలుగు బెండు వాడాం. చెరువు నిండితే అంచున అదే మొలిచేది. ఇప్పుడా చెరువులో కంపచెట్లు తప్ప ఏమీ లేవు. అందుకని బోరు ఎండిపోయిన చేనిలోంచి డ్రిప్పు పైపు ముక్క తెచ్చి వంచి చట్రం చేశాను. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికిస్తే జిగురు. ఆ జిగురుతో పాత పేపర్లు పొర మీద పొర అతికిస్తే అట్ట. అంగడి ముందర పారేసిన చిప్సు ప్యాకెట్లు తిరగేస్తే లోపలంతా వెండిరంగు. ధర్మవరంలో మగ్గం నేసే బంధువు ఒక పిడికెడు తెగిన జరీ పోగులు పంపాడు. రాళ్ళకు బదులు పగిలిన గాజుముక్కలు. ఇక నెమలి ఈకలు మాకు కొనే పనిలేదు. విత్తిన వేరుశనగ గెలికి తినిపోయే నెమళ్ళు నష్టపరిహారం కింద వదిలిపోయినవి చూరులో గుచ్చి ఉన్నాయి.

కొలత తీసుకున్న రోజు నేను అరుగు మీద కూర్చున్నాను. కోడలు గడపలో నిలబడింది. నా భార్య ఆమె తల చుట్టూ దారం తిప్పి, ముడేసి నా చేతికిచ్చింది. ఆ దారానికి సరిగ్గా పైపు కోశాను. పెద్దాయన చెప్పిన మొదటి పాఠం అదే. నగిషీ తప్పితే సర్దుకోవచ్చు, చుట్టుకొలత తప్పితే అది కిరీటమే కాదు.

ఆ పది రోజులు నాకు కాలు నిలవలేదు. మధ్యాహ్నం కునుకు మానేశాను. అట్టను ఎండలో పెట్టడం, లేచి పోయి తాకి చూడడం, తిప్పి పెట్టడం, మళ్ళీ లేవడం. గాలికి దుమ్ము పడుతుందని ఒకసారి, చీమలు పడతాయని ఒకసారి. "అది గుడ్డు కాదప్పా, నువ్వు పొదిగేకి!" అంది నా భార్య.

పండగ ముందురోజు పొద్దు వాలుతుండగా గుడి ముందర వేషాలతో ఆడి చూసుకున్నారు. వేషంలో ఉన్న కోడలి ఎదుట మామ నిలబడడం బాగుండదని నేను దూరంగా అంగడి పక్కన నిలబడ్డాను. పాట ఎత్తుకున్నారు. మొదటి చుట్టుకే కిరీటం జారి ఆమె ముక్కు మీదికి దిగింది. గుడి అరుగు మీద మగవాళ్ళు గొల్లున నవ్వారు.

"అన్నా, కిరీటం చేయమంటే కోళ్ళగంప చేసినట్టుండావే!" అని గుడి పెద్ద నా వైపు కేకేశాడు.

గార్లదిన్నె ఆమె ఆట ఆపింది. "రేపు మద్యానానికల్లా సరిచేస్తే సరి. లేకుంటే కిష్ణుడు లేడు" అంది.

ఇంటికొచ్చాక కిరీటం ముందేసుకుని కూర్చున్నాను. లేచాను, తిరిగాను, మళ్ళీ కూర్చున్నాను. దాచుకున్న దారం తీసి చట్రానికి చుట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. "దారం వదులుగా పట్టినావు నువ్వు" అని నా భార్య మీదికి లేచాను.

"బిగిచ్చే పట్టినా. కొంగు మింద పట్టినా అంతే. నువ్వు ఎదురుగా కూచోనుంటివి, కొంగు తీస్తాదా అది?"

నిజమే. నా కళ్ళ ముందరే కొంగు మీద దారం చుట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. అయినా తట్టలేదు. తొమ్మిదేళ్ళుగా ఆ పిల్ల తల అంటే నాకు కొంగుతో కూడిన తలే. చీర మడతలు, కింద కొప్పు, అన్నీ కలిపి కిరీటం చేశాను. వేషం కట్టినప్పుడు అవేవీ ఉండవు. గుడి దగ్గర మైల అన్నవాడి మీద అంత గొంతు చేసుకున్నానే, మరి నా ఇంట్లో? కొంగు వేసుకోమని నేనెప్పుడూ అనలేదు. అది నిజం. వద్దమ్మా అని కూడా ఒక్కనాడు అనలేదు. ఆ రెండో నిజం నన్ను కూర్చోనియ్యలేదు.

మరునాడు పొద్దున్నే కత్తి నూరుకుని అరుగు మీద కూర్చున్నాను. దారం ఒక్కటే చాలదు. ఎండిన అట్టను ఊరికే కోస్తే ఒక పక్కకు ఒరుగుతుంది. తల మీద పెట్టి, గుర్తు పెట్టి, కొద్దికొద్దిగా కోయాలి. ఆ మాట నా భార్యకు చెప్పాను.

"నీ ముందర కొంగు తీసి కూచోవాలనా? యెట్లప్పా అది?"

"కొంగు మీదైతే ఇంకో గంప చేస్తాను" అన్నాను. అని, లోపలికి వినబడేట్టు, "నాకేమీ అభ్యంతరం లేదమ్మా. ముందే చెప్పాల్సింది" అన్నాను.

కోడలు బయటికొచ్చింది. కొంగు భుజం మీదుంది.

"యాడ కూచోవాల మామా?"

నా ముందర మెట్టు మీద కూర్చుంది. నడినెత్తిన రూపాయిబిళ్ళంత మేర వెంట్రుకలు పలచబడి చర్మం కనబడుతోంది. ట్యాంకరు దగ్గర నుంచి బిందెలు మోసే ఆడవాళ్ళందరికీ అక్కడే అరుగుతుంది. మా ఇంటి నీళ్ళు అవి. తొమ్మిదేళ్ళు తాగాను. కిరీటం పెట్టి సుద్దముక్కతో గుర్తు పెట్టబోయాను.

"కదలొద్దమ్మా" అన్నాను.

"నేను కదల్లేదు మామా. నీ చెయ్యే వణుకుతాండాది."

అని నవ్వింది, గొంతెత్తే. లోపల నా భార్య కూడా నవ్వింది.

వెనక పక్క రెండు వేళ్ళ వెడల్పు కోసి తీసి, అంచులు కలిపి కట్టేశాను. మూడుసార్లు పెట్టి చూశాను. ఆ సాయంత్రం పొద్దు ఉండగానే ఆట మొదలైంది. ఈసారి అంగడి పక్కన కాదు, ముందు వరసలోనే నిలబడ్డాను. ఆట చూశానని చెప్పలేను. కిరీటం తప్ప నాకేమీ కనబడలేదు. ఆమె తిరిగినప్పుడల్లా నా మెడ తిరిగింది. కిరీటం కదల్లేదు.

మరునాడు గుడి పెద్ద మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. "అన్నా, బాగా కుదిరింది. ఇంట్లో పెడితే ఎలుకలు కొట్టేస్తాయి. గుళ్ళో పెట్టెలో పెడదాం, బద్రంగా ఉంటాది" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపల కోడలు గడప దాటి వచ్చింది. కొంగు భుజం మీదే ఉంది.

"వద్దు చిన్నమామా. మీ పెట్టెలోకి పోయింది మళ్ళా బయటికి రాదు. ఈడ్నే ఉండనీ" అంది.

వాడు నా ముఖం చూశాడు. "నన్నెందుకు చూస్తావురా? తల ఆమెది" అన్నాను.

కిరీటం ఇప్పుడు నడింట్లో మేకుకు వేలాడుతోంది. ఎడమ పక్క జరీ పోగు ఒకటి అంచున లేచింది. మూడుసార్లు లేచి చూసొచ్చాను. చింతగింజలు నానబెట్టాలి.